ఎండకు లైనుంది, మనిషికి లేదు

ఏలినాటి శని అంటే ఏడున్నరేళ్లే. పావగడ శనిమహాత్మ గుడికొచ్చి దీపం పెట్టుకుంటే అదీ కాస్త తేలికవుతుందని నమ్మకం. ఇదే పావగడ మీదుగా వెళ్లాల్సిన రాయదుర్గం–తుమకూరు రైలు మార్గం 2007-08లో మంజూరైంది. రెండు ఏలినాటి శనులు గడిచి మూడోది నడుస్తోంది. కేంద్రం, రాష్ట్రం ఖర్చు చెరిసగం అనుకున్నాయి గనక దీపం ఎవరు పెట్టాలన్నది తేలినట్టు లేదు.

ఆంధ్రా వైపు పట్టాలు కొంత పడ్డాయి. తిరుపతి ప్యాసింజరు కదిరిదేవరపల్లి దాకా వచ్చి, మన పావగడ పొలిమేర వైపు ఓ చూపు చూసి, వెనక్కి పోతుంది. మనం మాత్రం కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కాలన్నా ఉద్యాన్ ఎక్కాలన్నా మూటాముల్లె సర్దుకుని హిందూపురం బస్సు పట్టాలి.

ఈలోగా పెద్దవాళ్లకు జ్ఞానోదయమైంది. దూరాభారపు రైలుబండ్లు దండగట. హైవేలున్నాయి, విమానాలున్నాయి, కాదంటే వందేభారత్ ఉంది. అందులో జనరల్ పెట్టె ఉండదు, చిన్న స్టేషన్లో ఆగదు. అయినా పావగడలో రైలు ఎవరెక్కుతారండీ, అంటారు.

ఎవరెక్కుతారా? 2022 మార్చిలో పళవళ్ళి కట్ట దగ్గర కిక్కిరిసిన ప్రైవేటు బస్సు బోల్తా పడింది. చనిపోయినవాళ్లలో చదువుకునే పిల్లలున్నారు. ఈ తాలూకాలో ప్రయాణికులు లేరనే పెద్దమనిషి ఆ రోడ్డు మీద పొద్దున ఓ గంట నిలబడితే చాలు.

ఇక నష్టం మాట. ప్రయాణానికయ్యే ఖర్చులో 57 శాతమే మీ దగ్గర వసూలవుతోందని రైల్వేవాళ్లు టికెట్ల మీదే అచ్చువేశారు. అన్నం వడ్డించి, విస్తరి అంచున బియ్యం ధర రాసినట్టు! ఏ రోడ్డూ తన నష్టాన్ని మైలురాయి మీద రాసుకోదు. కోవిడ్ వంకతో ప్యాసింజరుకు ‘స్పెషల్’ అని పేరు తగిలించి, 10 రూపాయల కనీస ఛార్జీని 30 చేశారు. పెట్టెలు అవే, బల్లలు అవే. 2024 ఫిబ్రవరిలో, సరిగ్గా ఎన్నికల ముంగిట, ఛార్జీ మళ్లీ పదికి దిగింది. పేదవాడి మీద ప్రేమకు కూడా టైంటేబుల్ ఉంటుంది మరి.

భూసేకరణ కష్టమట. నిజమే కాబోలు! మన తాలూకాలోనే తిరుమణి చుట్టుపక్కల సోలార్ పార్కుకు 13,000 ఎకరాలు మాత్రం చకచకా దొరికాయి. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు అనేసరికి రైతులు సంతకాలు పెట్టారు. 2015లో మొదలైన పని 2019 డిసెంబరుకల్లా 2,050 మెగావాట్లతో పూర్తయింది. మన నెత్తిన కాసే ఎండ తీగల మీద ఊళ్లు దాటి హాయిగా పోతోంది. దాన్ని ఎవరెక్కించుకుంటారని ఎవరూ అడగలేదు. ఒక్క వరస పట్టాలకు చాలినంత నేల వెతకడం మాత్రం ఏళ్ల తరబడి సాగింది.

రైల్వే సహాయ మంత్రి సోమణ్ణగారు తుమకూరు ఎంపీయే కదా, భయమేమిటంటారా? మనది తుమకూరు జిల్లాయే గాని, ఓటు చిత్రదుర్గ నియోజకవర్గంలో. ఆ ఎంపీగారికి చిత్రదుర్గ మీదుగా పోయే తుమకూరు–దావణగెరె లైను బెంగ ఒకటుంది. అందుకని అర్జీ ఇద్దరికీ ఇస్తాం. జెరాక్సు ఖర్చు మాదే. ఆ నష్టం రైల్వే ఖాతాలో రాయనక్కర్లేదు.