‘పిట్టగోడ మూల’ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

పిట్టగోడ మూల పిడికెడాకులు చేరి
తూము నోరు మూయ దొడ్డవాన
మిద్దె చెరువుగాగ మేస్త్రిని దిట్టుచు
గిన్నె పెట్టువాడు గృహవిభుండు

అవతారిక: ఈ ఆటవెలదికి కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం చెప్పవచ్చు. కాంక్రీటు డాబాలు వచ్చాక పుట్టిన పద్యమే ఇది. మండువా ఇళ్ళలో నాలుగు వాలుల నీళ్ళూ నడిమి వాకిట్లోకి దిగేవి. తూము నేల మీద, అందరి కళ్ళ ముందూ ఉండేది. అది పూడితే అరుగు మీద కూర్చున్న పెద్దాయనే చేతికర్రతో ఓ పోటు పొడిచేవాడు. డాబా వచ్చాక తూము నెత్తికెక్కింది. కింద ఉన్నవాడికి అక్కడ తూమొకటుందన్న ధ్యాసే పోయింది.

ప్రతిపదార్థం: పిట్టగోడ మూల = డాబా వాలు వచ్చి ముగిసే మూలలో; పిడికెడు ఆకులు = గుప్పెడంటే గుప్పెడే ఆకులు (గోతాలతో పని లేదని గ్రహించాలి); చేరి = ఒకదాని మీదొకటి తడిసి అతుక్కుని; తూము నోరు = వాన నీళ్ళు కిందికి దిగే పైపు మొగను; మూయ = మూసివేయగా; దొడ్డవాన = వాయుగుండం తాలూకు వానకు; మిద్దె = కట్టేటప్పుడు అప్పుచేసి పోయించిన స్లాబు; చెరువుగాగ = చెరువు కాగా; మేస్త్రిని దిట్టుచు = ఎప్పుడో ఇల్లు కట్టి వెళ్ళి, ఇప్పుడు ఫోనెత్తని మేస్త్రిని తిట్టుకుంటూ; గిన్నె పెట్టువాడు = కారేచోట మొదట గిన్నె, పిమ్మట బకెట్టు, ఆపైన బట్టలుతికే టబ్బు పెట్టేవాడు; గృహవిభుండు = ఇంటి యజమాని. ‘నెలవారీ వాయిదాలు కట్టువాడు’ అని కొందరి అర్థం. అదీ సాధువే.

తాత్పర్యం: తూము ఊడ్వనివాడి ఇల్లు కారును.

విశేషాలు: ముందుగా ఆకుల సంగతి. మామూలు వానకు ఆకులు తక్కువ రాలుతాయి, నీళ్ళూ తక్కువే, రెండూ సర్దుకుపోతాయి. తుపాను సంగతి వేరు. ముందు గాలి వస్తుంది, చెట్లను దులిపి పచ్చి ఆకుల్ని కూడా తెచ్చి డాబా మీద పోస్తుంది. ఆ తర్వాత వాన వచ్చి వాటిని తూము దాకా మోసుకెళ్ళి బిరడా బిగిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక విశాఖలో చెట్లు ఉట్టి కొమ్మలతో నిలబడ్డాయి. ఆ ఆకులన్నీ ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. కనుక ‘ఆకులు’ అన్న మాటను తుపానుకు ముందే ఊహించుకుని చదువుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని సామెత. ఇక్కడ ముందుగా ఆకులు పట్టుకుంటే చేతులు కాలనే కాలవు.

‘పిడికెడీకలు చేరి’ అని పాఠాంతరం. హైదరాబాదు ప్రతుల్లో ఇదే కనిపిస్తుంది. పావురాల పుణ్యమా అని వచ్చిన పాఠం, గణభంగమూ లేదు. ఈకలకు రెట్ట తోడై సిమెంటులా గట్టిపడుతుంది కాబట్టి అర్థపుష్టి కూడా ఈ పాఠానికే ఎక్కువ. ఇక దీపావళి టపాసుల కాగితాలు, సంక్రాంతి గాలిపటం తోక, వడియాలు ఎండబెట్టి మరిచిపోయిన ప్లాస్టిక్ పట్టా, తెగిన రబ్బరు చెప్పు: వీటిని కవి చెప్పకపోయినా ఉపలక్షణంగా తీసుకోవాలి. తూము పక్క పగుల్లో మొలిచిన రావిమొక్కను కూడా. దాన్ని పైకి విరిచేస్తే మళ్ళీ చిగురిస్తుంది, వేరు పైపు అతుకులోకి దూరుతుంది. రావిచెట్టని దణ్ణం పెట్టి వదిలేసేవారున్నారు. చిన్నగా ఉన్నప్పుడే వేరుతో పెకలించి, మట్టిలో నాటి, అక్కడ దణ్ణం పెట్టుకోవడం ఉభయతారకం.

‘దొడ్డవాన’: ఎంత దొడ్డది? 2020 అక్టోబరు 13న హైదరాబాదు బేగంపేటలో 19 సెం.మీ. పైగా పడింది, ఘట్‌కేసర్ వైపు 32 సెం.మీ. దాకా పడింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా 93 చదరపు మీటర్లు. 19 సెం.మీ. వానకు దాని మీద పడేది 17,600 లీటర్ల పైచిలుకు, అనగా 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడున్నర. ఎండాకాలంలో డబ్బిచ్చి, బతిమాలి తెప్పించుకున్నవి ఇవే నీళ్ళు. వాటిని ఇంకుడుగుంతలోకి మళ్ళించక మురుగు పైపుకు కలిపేవారిని గురించి వ్యాఖ్యాత పరుషంగా మాట్లాడదలచుకోలేదు. వీధిలో మ్యాన్‌హోల్ మూత లేచి పొంగితే అందులో వారి వాటా ఉందని మాత్రం చెప్పగలడు.

‘చెరువుగాగ’ అన్నచోట అతిశయోక్తి అని ఆలంకారికులు తొందరపడతారు. కాదు, ఇది శుద్ధమైన స్వభావోక్తి. మనుషులు తిరిగే డాబాకు ఇంజనీర్లు లెక్కలో వేసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. పిట్టగోడ లోపల అరడుగు నీళ్ళు నిలిస్తే సరిగ్గా ఆ బరువు వచ్చి కూర్చుంటుంది. పైగా నీరు వారం పది రోజులు కదలకుండా ఉంటే గుడ్డు దోమై లేస్తుంది. చెరువుకు ఇంకేం లక్షణాలు కావాలి?

‘మేస్త్రిని దిట్టుచు’: ఇక్కడ వ్యాఖ్యాతలలో పెద్ద తగాదా ఉంది. మేస్త్రి నిర్దోషి అని ఒక వర్గం, ఆయనే సర్వదోషి అని మరో వర్గం. నిజం చూస్తే ఆయన పాపాలు కొన్ని ఉన్నాయి. డాబాకు నూటికి ఒకటి వాలుండాలి, అనగా పది అడుగులకు అంగుళం పైచిలుకు. అది పెట్టకపోతే తూము తెరిచున్నా నీళ్ళు మధ్యలోనే మడుగు కడతాయి. గొట్టం సైజు రెండోది. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం గంటకు 100 మి.మీ. వానలో నాలుగంగుళాల గొట్టం సుమారు 42 చదరపు మీటర్ల డాబాకు సరిపోతుంది. మూడంగుళాలది అందులో సగానికి కూడా చాలదు. వెయ్యి చదరపు అడుగులకు నాలుగంగుళాలవి రెండు చాలీచాలవు, మూడుంటే నిశ్చింత. మన ఊళ్ళలో చాలా డాబాలకు ఒకటే ఉంటుంది, అదీ మూడంగుళాలది. అయితే గొట్టం ఖర్చు మిగుల్చుకుందామన్న ఆలోచన ఎవరిది? ఆ మాట అడగగానే గృహవిభుడు దగ్గుతాడు. కనుక తిట్టును ఇద్దరూ చెరిసగం పంచుకోవాలని మా సిద్ధాంతం.

ఇల్లు కట్టేశాక చేయగలిగింది ఒకటుంది. తూముకు మూడు నాలుగు అంగుళాల ఎత్తున పిట్టగోడకు మరో కన్నం పెట్టించి, చిన్న పైపు ముక్కను బయటికి ఉంచితే, అసలు తూము మూసుకున్న రాత్రి నీళ్ళు ఇటు దూకుతాయి. వీధిలో చప్పుడవుతుంది. ఆ చప్పుడే కబురు.

శంక: తూము నోటికి జాలీ ఉంటేనే ఆకులు అడ్డం పడుతున్నాయి, తీసిపారేస్తే పోదా?

సమాధానం: పోదు. జాలీ మీద ఆకు చేత్తో వస్తుంది. జాలీ లేనప్పుడు అదే ఆకు పైపు వంపు దగ్గర చిక్కుకుంటుంది, దాన్ని తీయాలంటే ప్లంబరు రావాలి. ఇనుపకడ్డీతో పొడిస్తే వంపు పగిలి నీళ్ళు గోడలోకి దిగుతాయి, తర్వాత పడకగది గోడకు చెమ్మ మచ్చ లేస్తుంది. బల్లపరుపు జాలీని ఒక్క పెద్ద బాదం ఆకు మూసేయగలదు. బుట్ట బోర్లించినట్టుండే జాలీ అయితే చుట్టూ ఆకులు చేరినా పైనుంచి నీళ్ళు దిగుతాయి. ఇది వేసుకోవడం ఉత్తమం.

‘గృహవిభుండు’ అని ఏకవచనం. అపార్టుమెంటు వారికి ఈ పదమే చిక్కు. డాబా అందరిదీ, చెమ్మ పై అంతస్తు వాడొక్కడిదీ. మీటింగులో తూముల ప్రస్తావన వస్తే కింది అంతస్తుల వారు ఫోను చూసుకుంటారు. మరమ్మతు ఖర్చు పై అంతస్తు వాళ్ళే పెట్టుకోవాలని ఒకరంటారు. ఇలాంటి చోట ఏకవచనాన్ని పూజార్థక బహువచనంగా మార్చి, ‘గృహవిభులందరును’ అని అన్వయించుకుని చందా వసూలు చేయాలి. ఇది వ్యాకరణానికి ఒప్పకపోయినా న్యాయానికి ఒప్పుతుంది. స్లాబులో ఇనుము తుప్పు పడితే భవనం అందరిదీ పాడవుతుంది.

ప్రయోగవిధి: ఏటా రెండుసార్లు. మృగశిర రాకముందు రోహిణి కార్తెలో ఒకసారి. కోస్తా వారికి హస్త కార్తెలో, తుపాన్ల అదనుకు ముందు రెండోసారి. చేత్తో ఆకులు తీయాలి, చీపురుతో తూములోకి నెట్టరాదు. తర్వాత రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించి కిందికెళ్ళి చూడాలి. కింద ధారగా పడితే తూము బాగున్నట్టు, ఉరుముతూ గుటకలేస్తే వంపులో ఏదో ఉన్నట్టు. పైపును గోడకు పట్టి ఉంచే క్లాంపులు వదులయ్యాయేమో కూడా చూడాలి, గాలికి ముందు ఊడేవి అవే. పిడుగులు పడుతుండగా పైకెక్కడం ఏ శాస్త్రమూ విధించలేదు.

అన్నిటికీ ముందు డాబా తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. అర్ధరాత్రి వానలో వాచ్‌మన్ ఊళ్ళో ఉండడు.