కోర్టు దిక్కా, దవాఖాన దిక్కా?

పాతబస్తీలో వంతెనల ఊసెత్తితే చాలు, ఎవరైనా ముందు పురానాపూల్ ప్రేమకథే అందుకుంటారు. యువరాజు మహమ్మద్ కులీ వరదలో గుర్రాన్ని మూసీలోకి దూకించి భాగమతి కోసం పోయాడట; తండ్రి ఇబ్రహీం కులీ కుతుబ్‌షా హడలిపోయి 1578లో వంతెన కట్టించాడట. కథ బాగానే ఉంది గానీ లెక్కే కుదరదు. అప్పటికి పిల్లాడికి పట్టుమని పదమూడేళ్లు. మా ఇళ్లల్లో ఆ వయసువాడు ట్యూషన్ ఎగ్గొట్టి ఏటి ఒడ్డుకు పోతే వీపు విమానం మోత మోగుతుంది తప్ప, ఇరవై రెండు కమాన్ల రాతి వంతెన లేవదు. గోల్కొండ సరుకు మచిలీపట్నం చేరాలంటే ఏరు దాటాలి కదా, అందుకే కట్టి ఉంటారు. ఈ మాట మా అత్త ముందు అంటే, "నీకు ప్రేమ సంగతి ఏం ఎరుక తీయ్" అంటుంది.

17వ శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, ఈ వంతెన అందంలో పారిస్‌లోని పాంట్ నఫ్‌కు పెద్దగా తీసిపోదని రాశాడు. ఆ "పెద్దగా" దగ్గరే నాకు మండుతుంది. పాంట్ నఫ్‌కు పునాది పడిందీ 1578లోనే. వాళ్లు ముగ్గు పోసేనాటికి మావాళ్లు బండ్లు తోలేస్తున్నారు.

అయినా చరిత్ర పురానాపూల్‌దైతే, పండుగ నయాపూల్‌ది. అఫ్జలుద్దౌలా కాలంలో కట్టారు, 1908 సెప్టెంబరు వరదలో కొట్టుకుపోయింది, మళ్లీ లేపారు. ఒక ఒడ్డున హైకోర్టు, ఇంకో ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. పగవాడు కూడా ఎక్కకూడదని మనం దండం పెట్టుకునే మెట్లు ఆ రెండే. సరిగ్గా వాటి నడుమ, ఆషాఢంలో పాతబస్తీ బోనాల మర్నాడు, జనం ఒళ్లు మరిచి ఎగురుతారు.

మామూలు రోజుల్లో అక్కడ అర నిమిషం బండి ఆపితే వెనక బస్సు డ్రైవరు మన ఏడు తరాలనూ తలుచుకుంటాడు. ఆ రోజు మాత్రం అవతలి ఒడ్డుతో ఎవరికీ పనిలేదు. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కి చార్మినార్ మీదుగా వస్తుంది. ముందు పోతరాజులు: ఒంటినిండా పసుపు, నడుముకు వేపరెమ్మలు, చేతిలో కొరడా, సందు దొరికితే సెల్ఫీ. మూసీ వాసనను ఓడించే బలం ఏడాదిలో ఆ ఒక్క పూటే మైసాక్షి పొగకు వస్తుంది.

ఒక ఏడు ఆ గుంపులో ఉండగా మా అత్త ఫోను.

"యాడున్నవ్ బిడ్డా?"

"నయాపూల్ కాడున్న అత్తా."

"ఏ దిక్కు? కోర్టు దిక్కా?"

"కాదు, దవాఖాన..." అన్నానో లేదో డప్పులు అందుకున్నాయి. "దిక్కు" అన్న ముక్క ఆమె చెవిన పడలేదు.

కాసేపటికి మా చుట్టాల్లో సగం మంది ఉస్మానియా వార్డులన్నీ గాలించేశారు. ఒకాయన నా రక్తం గ్రూపు కూడా కనుక్కున్నాడట. ఆఖరికి తీన్‌మార్ దెబ్బకు చొక్కా గుండీలు ఊడిన నన్ను ఏనుగు ముందు పట్టుకున్నారు. అత్త ఘటానికి దండం పెట్టి, అదే చేత్తో నా నెత్తిన ఒక్కటిచ్చి, రోగికని కొన్న బత్తాయిల్లో ఒకటి ఏనుగుకు చాచింది. మావటి వద్దనేలోపే సంచీ మొత్తం పోయింది.