మచ్చలేని డిజైనింగన్న

సోమందేపల్లెలో గానీ, ఆ చుట్టుపక్కల ఏ బస్టాండు సెంటర్లో గానీ డిజైనింగన్నను వెతకాల్సిన పని లేదు. జిరాక్సు, లామినేషన్, పాస్‌పోర్టు ఫోటోలు, ఫ్లెక్సులు, పెండ్లి ఆల్బములు అని ఒకే బోర్డు మీద ఇరికించి రాసిన షాపు కనిపిస్తే లోపల ఆయనే ఉంటాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను, కుడిచేతిలో మౌసు, ఎడమచెయ్యి కీబోర్డు మీద. చల్లారిన టీ గ్లాసు పక్కన మూడు పెన్‌డ్రైవులు. అవి ఎవరివో వాటిని ఇచ్చినవాళ్లకూ గుర్తుండదు.

అన్న ఆయుధం 2002లో వచ్చిన ఫోటోషాప్ 7. తర్వాత ఎన్ని వెర్షన్లు వచ్చినా అన్న ఇల్లు మారలేదు. కారణం ఉంది. మచ్చలు మాన్పే హీలింగ్ బ్రష్ ఆ వెర్షన్‌తోనే వచ్చింది. ఇంతకంటే కంప్యూటర్ నుంచి మనిషికి ఏం కావాలని అన్న వాదన. మొటిమ కనబడితే చాలు, ఆయన వేలు తనంతట తనే కదులుతుంది. పింఛను కాయితాలకు ఫోటో దిగిన అవ్వకు ముడతలన్నీ తీసేసి ఇచ్చాడొకసారి. ఆఫీసులో "మీ పాప ఫోటో కాదమ్మా, నీది తే" అన్నారట. పని చెడినా అవ్వకు కోపం రాలేదు. ఆ ఫోటోకే ఫ్రేము కట్టించుకుంది.

ఇలాంటి మనిషి దగ్గరికి సైన్సు బొమ్మలు వచ్చిపడతాయి. సైన్సు ఫెయిర్ వచ్చిందంటే అయ్యవార్లు, పిల్లలు, పిల్లల నాయనలు కట్టగట్టుకుని దిగుతారు. అందరికీ రేపు పొద్దున్నే కావాలి. అందరూ ఈ రాత్రి ఎనిమిదికే వస్తారు.

"నెట్లో గుండె బొమ్మ ఉండాది, వాట్సాప్‌లో పెట్టినా. పెద్దది ఏసియ్యన్నా. ఫ్లెక్సు వద్దు, ల్యాబ్ ఫోటో ప్రింటే కావాల."

అన్న బొమ్మను జూమ్ చేసి మానిటర్ వాళ్ల వైపు తిప్పుతాడు. కర్ణికలు, జఠరికలు అన్నీ గళ్లుగళ్లుగా ఉంటాయి. తర్వాత లెక్క చెబుతాడు. ఫ్లెక్సును దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 72 చుక్కలున్నా గడిచిపోతుంది. ఫోటో ప్రింటును మూరెడు దూరం నుంచి చూస్తారు, దానికి 300 కావాలి. 12×18 అంగుళాల షీటుకు 3600 ఇంటు 5400 పిక్సెల్స్. వాట్సాప్‌లో మామూలుగా పంపిన బొమ్మకు పొడుగు వైపు 1600 ఉంటే గొప్ప. దాన్ని 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 90 కూడా రావు.

"సైజు పెట్టెలో 300 అని కొట్టన్నా, సరిపాయె!"

"కొడ్తా. ఎండిన బోరులో ఇంగో నూరడుగులు పైపు దించితే నీళ్లొస్తాయా? ఇదీ అంతే."

ఈ మాటతో ఎవరైనా గమ్మునుంటారు. బోరు సంగతి ఇక్కడ పిల్లోడికి కూడా తెలుసు. అప్పుడు అన్న కోరల్‌డ్రా తెరిచి గుండెను మొదటి నుంచి గీతలతో గీస్తాడు. గీతలకు పిక్సెల్ బాధ లేదు, గోడంత పెంచినా పదును పోదు. అయితే గీయడం అయ్యాక చెయ్యి ఊరుకోదు. బృహద్ధమనికి మెరుపు, ఊపిరితిత్తులకు నీడ, వెనకాల సూర్యకిరణాలు. "ఇది పెండ్లి కార్డా?" అని సార్ అడిగితే, "రోంత రిచ్‌గా ఉంటుందని" అంటాడు.

ఆయనకు అసలు పరీక్ష పెట్టింది వ్యవసాయ కాలేజీలో చదివే ఒకమ్మాయి. వేరుశనగ తెగుళ్ల మీద పోస్టరు చెయ్యాలని మంచి కెమెరాతో తీసిన ఆకుల ఫోటోలు పెన్‌డ్రైవులో తెచ్చిచ్చింది. సైజుకు సైజు, పదునుకు పదును. ఇన్నాళ్లకు ఒక కస్టమర్ తగిన ఫైలు తెచ్చిందని అన్న మురిసిపోయి రాత్రి చాలాసేపు కూర్చున్నాడు. పొద్దున ఆ అమ్మాయి వచ్చి చూస్తే తెర మీద ఆకులు నిగనిగలాడుతున్నాయి.

"అన్నా, మచ్చలేవి?"

"అన్నీ తీసేసినా కదమ్మా! ఒక్కటి చూపించు, దుడ్లు వద్దు."

"నా ప్రాజెక్టే ఆ మచ్చల మీదన్నా!"

అన్న కంట్రోల్, ఆల్ట్, జెడ్ పట్టుకుని వెనక్కి నడవబోయాడు. ఫోటోషాప్ 7 హిస్టరీ మామూలుగా 20 అడుగులు వెనక్కి తీసుకుపోతుంది. అన్న మాన్పిన మచ్చలు అంతకు ఎన్నో రెట్లు. పైగా అసలు ఫైలు మీదే సేవ్ కొట్టాడు. ఒరిజినల్ ఆ అమ్మాయి కెమెరా కార్డులో ఉంది కాబట్టి సరిపోయింది.

ఆ రోజు అన్నకు పాఠం జరిగింది. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు రెండు రకాలు. ముందుగా వచ్చే మచ్చ గోధుమరంగులో ఉండి చుట్టూ పసుపు వలయం కడుతుంది. ఆలస్యంగా వచ్చే మచ్చ ముదురు రంగు, ఆకు అడుగున దాదాపు నలుపు. రెంటికీ తేడా చూపించేవి ఆ వలయం, ఆ నలుపే. వాటిని తుడిచేస్తే పోస్టరు మీద మిగిలేది వట్టి ఆకు. ఇక 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగను ఊడ్చేసిన కాండం కుళ్లు వైరస్ సంగతి అన్నకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది, నష్టం 300 కోట్లు దాటింది. ఆ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది, దాన్ని ఆకు మీదికి చేర్చేవి తామర పురుగులు. అన్నకు ఇది కొత్త. వెంటనే ఉత్సాహంగా ఆ పురుగును వయ్యారిభామ మొక్క కంటే పెద్దదిగా పెట్టాడు.

ఆయన తప్పేం లేదు. ఫ్లెక్సు శాస్త్రంలో సైజు పదవిని బట్టి ఉంటుంది. ఎమ్మెల్యే నిలువెత్తు, మండల నాయకుడు నడుము దాకా, వార్డు మెంబర్లు పాస్‌పోర్టు సైజు. ఇంత నష్టం చేసిన పురుగు పెద్దది కాకపోతే ఇంకెవరు పెద్ద? "అన్నా, ఇది ఒక మిల్లీమీటరు ఉంటుంది" అని చెప్పి ఆ అమ్మాయి బొమ్మ కింద స్కేల్ బార్ గీయించింది. 'పది రెట్లు' అని అక్షరాల్లో రాస్తే, ప్రింటు సైజు మారిన మరుక్షణం అది అబద్ధమవుతుంది. బొమ్మలోనే బార్ ఉంటే బొమ్మతో పాటు పెరుగుతుంది, తరుగుతుంది. అన్న కళ్లు మెరిశాయి. ఇన్నేండ్లలో ఇంత నిజాయితీ గల గీత ఆయన గీయలేదు.

సైన్సుకు తెలుగునాట బొమ్మలు గీయడం కొత్తేం కాదు. 1781 నుంచి సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. గీసినవాళ్ల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. మన అన్న ఆ తప్పు జరగనివ్వడు. పత్రహరితం కిందా, పురుగు పొట్ట కిందా ఆయన సెల్ నంబరు పది అంకెలూ స్పష్టంగా ఉంటాయి.

పాఠం ముగిశాక మిగిలింది అక్షరాలు, రంగు, కత్తిరింపు. అక్షరాల దగ్గర పాత ఫోటోషాప్ మొరాయించింది. యూనికోడ్ తెలుగు అతికిస్తే 'పత్రరంధ్రం' కాస్తా 'పత్‌రరంధ్‌రం' అయి కూర్చుంది. అను ఫాంట్లలో మళ్లీ కొట్టి, అక్షరాలను కర్వులుగా మార్చాక గానీ ల్యాబులో ఒత్తులు నిలబడలేదు. మొదటి ట్రయల్ ప్రింటులో ఆ నిజాయితీ గల గీతే మాయం. మరీ అంచున పెట్టడంతో ల్యాబ్ కత్తెర కొరికేసింది. పైగా ప్రింటు నల్లగా వచ్చింది. అన్న ల్యాబును తిట్టాడు. మానిటర్ వెలుగు నూటికి నూరు పెట్టుకుని చూసే మనిషికి ఏ ప్రింటైనా నల్లగానే ఉంటుంది.

రంగు దగ్గర మాత్రం అన్నకు ఎదురులేదు. "ల్యాబుకు ఆర్‌జీబీ, ప్రెస్సుకు సీఎంవైకే. ఇటుదటు చేస్తే పచ్చ చచ్చిపోతుందమ్మా" అని ఆ అమ్మాయికే పాఠం చెప్పాడు. ఆకు ముక్కను అసలు సైజులోనే 4×6 షీటు మీద ట్రయల్ వేయించి, ఎండలోకి పట్టుకుపోయి చూసి, వలయంలోని పసుపును పిసరంత దిద్దాడు. పసుపు రాసిన పెండ్లికూతుళ్ల చేతుల్ని ఇన్నేండ్లు చూసిన కన్ను అది. పుస్తకంలో బొమ్మ కంటే పోస్టరులో మచ్చే నిజంగా ఉందని కాలేజీలో మెచ్చుకున్నారట.

ఆ మెప్పు తలకెక్కింది. ఇప్పుడు పెండ్లి ఫోటో ఇస్తే ముందు విచారణ జరుగుతుంది. "ఈ చుక్క లెన్సు మీది దుమ్మా, మనిషిదా? దుమ్మయితే తీస్తా. పుట్టుమచ్చయితే డేటా, ముట్టను." పెండ్లికూతురు తల్లి బతిమాలాలి. మొటిమల దగ్గర ఇంకా రాజీ పడుతున్నాడు, అవి సీజనల్ అట.

మొన్న నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సుకు కుర్రాళ్లు వచ్చారు. సార్‌ను కొండంత పెట్టమన్నారు.

"పెడ్తా. అసలెంత ఉంటాడో జనానికి తెలియాల కదా. కాళ్ల కింద స్కేల్ బార్ ఏస్తా."

కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు. వాళ్లలో పెద్దోడు అన్న చెవి దగ్గరికి వంగాడు.

"ఎలక్షన్లొస్తాండాయన్నా. సార్ ఫోటో కాడ బారు గీరు వద్దు. ఉన్న బారుకే కేసు నడుస్తాంది."