పన్ను తగ్గె... పని తగ్గదాయె!

కేకులు, పేస్ట్రీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాస్తా 5 శాతానికి దిగింది. క్రిస్మస్ ఇళ్లకు తీపి కబురే! మరి ఇంట్లో వండే చేతుల సంగతి? గులాబీ పువ్వులకు పిండి కలిపేది, కజ్జికాయల అంచులు మడిచేది, నూనె మూకుడు ముందు చెమటోడ్చేది ఇల్లాలే. అయ్యగారు వాకిట్లో నక్షత్రానికి బల్బు తగిలించి, 'పండగ పనులన్నీ మనమే దగ్గరుండి చేశాం' అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టేస్తారు. కేంద్రం వారి 2024 సమయ వినియోగ సర్వే లెక్క మరోలా ఉంది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లది 88 నిమిషాలే. అందులో 'ఉప్పు సరిపోయిందో లేదో' అని రుచి చూసిన సమయం ఎంతో!