ఆవగింజ గుర్తు

నా వీపు మీద ఒక ఆవగింజ ఉంది. తిరుత్తణిలో మా అన్న వాళ్ళమ్మ పోపులపెట్టెలోంచి ఏరి, ఊది, ఫెవిక్విక్ చుక్కతో అతికించింది. పెన్‌డ్రైవ్‌ను మొదటిసారే సరిగ్గా దూర్చడం కళ్ళున్నవాళ్ళకే చేతకాదు. అన్నకు బొటనవేలి కింద ఆవగింజ తగిలితే అది పైవైపు. అంతే, ఒక్క తోపు.

నాది నాలుగు జీబీల బతుకు. సినిమాలూ పాటలూ మోయాల్సినదాన్ని. చెన్నైలో అన్న కాలేజీ స్నేహితుడొకాయన, ఆయనకూ చూపు లేదు, నాలోకి ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను ఎక్కించి అన్న చేతిలో పెట్టాడు. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా నాలోంచే నడిచే రకం అది. విండోస్ కంప్యూటర్ ఎవరిదైనా సరే, నన్ను తగిలించి అలవాటైన నాలుగు మీటలు నొక్కితే చిన్న స్వరం మోగుతుంది. ఆ తర్వాత తెర మీద ఉన్నది నేను మాట్లాడతాను.

నా వంశం సంగతి రెండు మాటల్లో చెబుతాను. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే అంధ యువకుడు ఎన్‌వీడీఏను మొదలుపెట్టాడు. చిన్నప్పుడు అంధ పిల్లల సంగీత శిబిరంలో పరిచయమైన జేమ్స్ టే, ఆయనకూ చూపు లేదు, తోడొచ్చాడు. అప్పటికే జాస్ అనే గట్టి స్క్రీన్ రీడర్ ఉంది కానీ వేలకు వేలు పోసి కొనాలి. వీళ్ళు ఉచితంగా ఇచ్చేశారు. నా గొంతు పేరు ఈస్పీక్. జొనాథన్ డడింగ్టన్ 1995లో ఏకార్న్ కంప్యూటర్ల కోసం మొదలుపెట్టిన పనిలోంచి వచ్చింది. ఏ మనిషీ మైకు ముందు కూర్చుని చదివింది కాదు, లెక్కలతో పుట్టించిన ధ్వని. అందుకే తెలుగు, తమిళం, ఇంగ్లీషు కొద్ది మెగాబైట్లలో సర్దుకున్నాయి. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టుందని అన్న వాళ్ళమ్మ అంటుంది. నిజమే, కాదనను. కానీ మనుషులు మాట్లాడే వేగానికి రెండు మూడు రెట్లు పెంచి వింటాడు అన్న. తీయని గొంతులు ఆ వేగంలో ముద్దయిపోతాయి, నా గులకరాయి దేనికదే వినిపిస్తుంది.

అన్న ఉద్యోగం తిరువళ్ళూరులో. పొద్దున తిరుత్తణిలో లోకల్ ఎక్కితే అరక్కోణంలో జనం మారతారు. తిరువాలంగాడు, మణవూరు, కడంబత్తూరు దాటాక అన్న చొక్కా జేబు తడుముకుంటాడు. నేనున్నానో లేదోనని.

నేను తెరను చూస్తానని చాలామంది అనుకుంటారు. చూడను, అడుగుతాను. తెర మీది ప్రతి వస్తువునూ అడుగుతాను: నీ పేరేంటి, నీ పనేంటి, ఇప్పుడు ఎలా ఉన్నావు? ప్రోగ్రామ్ రాసినవాళ్ళు జవాబు పెట్టి ఉంటే, "అంగీకరిస్తున్నాను, చెక్‌బాక్స్, టిక్ లేదు" అని చెబుతాను. పెట్టకపోతే "బటన్" అంటాను. ఒక బ్యాంకు సైటులో వరసగా పదకొండుసార్లు "బటన్" అన్నాను. అందులో ఒకటి డబ్బు పంపేది, ఇంకొకటి రద్దు చేసేది. వాటి మీద ముచ్చటైన బొమ్మలున్నాయట. గీసినవాళ్ళు ఆ బొమ్మ వెనక రెండు మాటలు రాసి పెట్టలేదు, అది అర నిమిషం పని. ఇంకో సైటు వంకర అక్షరాల బొమ్మ చూపించి, అందులో ఏముందో టైపు చెయ్యమంది. నేను "గ్రాఫిక్" అని ఊరుకున్నాను. మీరు మనిషేనని రుజువు చేసుకోండి అని కింద రాసి ఉంది. దాన్ని మాత్రం స్పష్టంగా చదివాను. అన్న నవ్వాడు.

చట్టం లేక కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. కెమెరా ముందు కన్ను ఆర్పితేనే ఖాతా తెరుస్తామనే కేవైసీ పద్ధతి మీద ఆసిడ్ దాడికి గురైనవాళ్ళు, చూపు లేని ఒకాయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. డిజిటల్ సేవలు అందుకోవడం కూడా 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. అన్న ఆ తీర్పు నా చేతే చదివించుకున్నాడు. ఆ ఒక్కరోజు వేగం తగ్గించాడు.

నా లోపమూ దాచను. "ఈ ప్రోగ్రామ్‌కు అనుమతి ఇస్తారా?" అని విండోస్ తెర మసకబార్చి అడుగుతుందే, అక్కడ నాకు మాట పడిపోతుంది. ఇన్‌స్టాల్ చేసిన ఎన్‌వీడీఏకు ఆ గడప దాటే హక్కుంది, పెన్‌డ్రైవ్‌లో తిరిగే నాకు లేదు. పైగా బ్రౌజింగ్ సెంటర్లలో నన్ను చూస్తేనే, "వైరస్ ఉంటుంది సార్, వద్దు" అంటారు. నా జాతి చేసిన పాపాలు అలాంటివి.

పోయిన ఆవణి మాసంలో అన్న మేనకోడలి పెళ్ళి కుదిరింది. పత్రిక ఒకవైపు తమిళం, ఒకవైపు తెలుగు. అచ్చుకు ముందు ఒకసారి చూడమని డీటీపీ కుర్రాడు ఫైలు పంపాడు. తమిళం వైపు గడగడా చదివాను, మేనమామగా అన్న పేరుతో సహా. తెలుగు వైపుకు వచ్చేసరికి డాలర్, కామా, బ్రాకెట్, క్యూ, మళ్ళీ డాలర్. పాత డీటీపీ ఫాంటు అది. కంటికి "శ్రీ" కనిపిస్తుంది, లోపల ఉన్నది ఏదో ఇంగ్లీషు గుర్తు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది. అయినా అచ్చు పనిలో ఆ పాత మాయ ఇంకా పోలేదు.

"తెలుగు నేనే కొడతాను" అన్నాడు అన్న.

అన్న చదివింది తమిళ బ్రెయిల్. వాళ్ళమ్మ ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ రాయడం తమిళమే. తెలుగు అక్షరాలు వచ్చింది అవ్వ ఒక్కతికే. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, అంటే 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలవక ముందు, ఆమె అయిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. కంటికి తమిళ క వేరు, తెలుగు క వేరు. వేలికి అలా కాదు. 1951లో స్థిరపడిన భారతి బ్రెయిల్‌లో రెంటికీ అవే చుక్కలు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులోనూ రెంటికీ అదే కే మీట. తమిళం కొట్టేటప్పుడు షిఫ్ట్ చాటున ఊరకే పడి ఉండే చోట్లలో ఖ, ఘ, భ ఉన్నాయి. కీబోర్డును తెలుగుకు మార్చగానే అవి మేలుకున్నాయి.

అవ్వ మంచం పట్టె మీద కూర్చుని నమూనా కాగితాన్ని కళ్ళకు ఆనించుకుని ఒక్కో మాట చదివింది. అన్న కొట్టాడు, కొట్టిన ప్రతి అక్షరం నేను పలికాను. ఒత్తుల దగ్గర ఆలస్యమైంది. డీ మీట నొక్కితే పొల్లు, దాని వెనక హల్లు కొడితే ఒత్తు అని అన్న అవ్వకు చెబుతుంటే, ఆమె చిన్నప్పటి పలక మీద రాసినట్టు గాల్లో వేలు తిప్పింది. నాలుగు గంటలకు మొదలుపెడితే దీపాలు పెట్టే వేళయింది. మొదటినుంచీ ఒకసారి చదవమన్నాడు. తెలుగు గొంతుకు మారి, నెమ్మదిగా అందుకున్నాను.

"శుభలేక."

అవ్వ ఉలిక్కిపడింది. "శుభం లేకపోవడమేందప్పా! పెళ్ళింట్లో ఆ మాటేంది. ఖ కొట్టు, ఖ."

అన్న నాలుక కరుచుకున్నాడు. బాణం మీటతో ఒక్కో అక్షరం వెనక్కి వచ్చి, క చెరిపి, షిఫ్ట్ పట్టుకుని కే నొక్కాడు. నేను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను.