స్టిక్కరుకు సంజీవని

అవతారిక: వికారాబాద్‌లో ఇల్లు కట్టుకుంటున్న ఒక పెద్దమనిషికి తాండూరు బండల లోడు దిగి నెల దాటింది. బాకీ వసూలుకు పోయిన తమ్ముణ్ని అన్న వాట్సాప్‌లో "పైసలిచ్చిండా?" అని అడిగాడు. తిరుగు రైలెక్కిన తమ్ముని ప్రత్యుత్తరమిది.

మూలం:
అన్నా టవర్ పోతుంది
ఇంటికొచ్చి చెప్త
(కింద బ్రహ్మానందం స్టిక్కరు ఒకటి)

టీక: అన్నా = ఓ అగ్రజుడా; టవర్ = సిగ్నలు స్తంభము; పోతుంది = పోవుచున్నది; ఇంటికొచ్చి = గృహమునకు ఏతెంచి; చెప్త = చెప్పెదను; స్టిక్కరు = చెప్పను.

"టవర్ పోతుంది": స్తంభం కదలదు, కదిలేది రైలు. 'గంగలో గొల్లపల్లె' అన్నట్టే ఇక్కడా లక్షణార్థం చెప్పుకోవాలి. ధారూర్ దగ్గర సిగ్నలు ఒక గీతకు దిగుతుందంటాడు తమ్ముడు. ఒప్పుకుందాం. మరి స్టిక్కరెట్లా వచ్చింది? అది 512 పిక్సెళ్ల చదరం, 100 కేబీ దాకా బరువుండొచ్చు. 'ఇయ్యలే' అన్న మాటకు యూటీఎఫ్-8 లెక్కన 18 బైట్లు చాలు. ఏనుగు దూరిన సందులో తోక చిక్కిందన్నమాట.

ఇక స్టిక్కరు. ఒక కనుబొమ్మ పైకి లేచింది, పెదవి ఓ పక్కకు విరిగింది, చూపు ఫ్రేము బయట ఎవరినో వెతుకుతోంది. ఏ సినిమాలోదో తేల్చడం ఎవరి తరం? గిన్నిస్ పుస్తకానికి ఎక్కినన్ని సినిమాలాయె. అత్తిలిలో తెలుగు పాఠం చెప్పిన మాస్టారు, 1987లో 'అహ నా పెళ్లంట'లో అరగుండై ఊరూరా నవ్వించాడు. ఆ సినిమా తీసిన జంధ్యాల మాటతో నవ్వించినవాడు. 2018లో వాట్సాప్‌కు స్టిక్కర్లు వచ్చాక మనం ఆ మాట కోసేసి ముఖం మాత్రం దాచుకున్నాం. తెలుగు మాస్టారి ముఖంతోనే తెలుగు మాట తప్పించుకుంటున్నాం. (ఈ వ్యాఖ్యాత ఫోనులోనూ అలాంటివి నలభై ఉన్నాయి, అది వేరే సంగతి.)

రసనిర్ణయం: ఇంట్లో ఫోను చేతులు మారింది. అమ్మ చూసి "ఇచ్చినట్టే ఉన్నడు, ముఖం నవ్వుతుంది" అంది. చెల్లె "ఏం నవ్వు, ఏడ్సినట్టుంది" అంది. పాలిష్ మిషన్ కాడి మేస్త్రి కళ్లద్దాలు పైకి తోసుకొని, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేయబోయి, అది పెద్దది కాకపోయేసరికి "సగం ఇచ్చిండు" అని తేల్చాడు. హాస్యమో కరుణో తేలలేదు. ముగ్గురికీ ప్రమాణం ఆ కనుబొమ్మే.

మనవైపువాడే, మెదక్ కొల్చారం వాడంటారు, మల్లినాథసూరి. కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' రాస్తూ మూలంలో లేనిది రాయనని మాటిచ్చాడు. మూలంలోనే ఏమీ లేకపోతే వ్యాఖ్యాత గతేమిటో మాత్రం చెప్పిపోలేదు.

తాత్పర్యం: అన్నా, అడగకు.

ఫలశ్రుతి: తమ్ముడు తాండూరులో దిగి, ఇంటికి రాకుండా దోస్తు పెండ్లి దావత్‌కు పోయాడు. అక్కణ్నుంచి ఇంకో స్టిక్కరు వచ్చింది. ఈ వ్యాఖ్యాతే ఆ అన్న. బండల పైసలు ఇంకా రాలేదు.