దొరికే తూటా

వెల్దుర్తిలో మా పెదనాన్నకు వాళ్ళ నాన్న నుంచి ఇంగ్లండు తయారీ రైఫిలొకటి వచ్చింది. చూడ్డానికి నిగనిగలాడుతుంది, గురి తప్పదు. తూటా మాత్రం లేదు. దాని కొలతకు సరిపోయే తూటా కోసం గుంటూరులో అడిగాడు, హైదరాబాదులో అడిగాడు. దిగుమతులు ఆగిపోయాక ఆ రకం రావడమే లేదన్నారు. దాన్ని వదిలించుకుని, అడవిపందుల బెడదకు మరో తుపాకీ కొనాలనుకున్నాడు.

ఊళ్ళో కుర్రాళ్ళు .315 రైఫిలు తీసుకోమన్నారు. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు దాన్నీ దాని తూటానూ తయారు చేస్తాయి. అసలు ఆ కొలత మన దేశంలో పాతుకుపోవడానికి కారణం కూడా తూటాయే. బ్రిటిష్ సైన్యం వాడిన .303 తూటా జనం చేతికి చిక్కకూడదని ఆ బోరును నిషేధించారు. దాంతో మామూలు జనానికి .315 మిగిలింది. ఏ జంతువుకు ఏ తుపాకీ అన్న లెక్క ఇందులో ఎక్కడా లేదు.

పెదనాన్న అదీ వద్దన్నాడు. "వేట ఎప్పుడో చట్టంతోనే పోయింది. నాకు కావలసింది పందులు బెదిరే చప్పుడు. పన్నెండు బోరు చాలు. తూటా ఎక్కడ సులువుగా దొరుకుద్దో చూసుకుని తుపాకీ కొనాలి గానీ, తుపాకీ కొని తూటా కోసం ఊళ్ళు తిరక్కూడదు." ఆ మాట ఆయన రచ్చబండ మీద పదిమందికీ చెప్పేవాడు. ఆయన లెక్క సరైనదేనని నేను ఇప్పటికీ అంటాను. పన్నెండు బోరే కొన్నాడు. రాత్రిపూట మంచె మీద నుంచి గాల్లోకి ఒకసారి పేల్చేవాడు. మంద అడవిలోకి మళ్ళేది. ఒక్క పంది ప్రాణం తీయకుండా చేను దక్కేది.

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. మా పల్నాడులో ఎన్నికల గొడవల సంగతి తెలిసిందే. లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పగించమన్నారు. పెదనాన్న తుపాకీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు. అప్పటికి మొక్కజొన్న కండె గట్టిపడుతోంది. డప్పులు కొట్టారు, పాత చీరలు కట్టారు, రాత్రంతా మంటలు వేశారు. మొదట్లో బెదిరిన పందులు తరవాత ఆ చప్పుళ్ళకు అలవాటు పడ్డాయి.

ఒక తెల్లవారుజామున పక్క చేల గట్టు మీద పెద్ద శబ్దమైంది. పెదనాన్న పరిగెత్తాడు. చూడితో ఉన్న మా గేదె దవడ ఊడిపోయి నిలబడి ఉంది. పిండిముద్దలో నాటుబాంబు చుట్టి పందుల కోసం పెట్టారు. దాన్ని గేదె కొరికింది. పశువుల డాక్టరు చూసి, చేసేదేమీ లేదన్నాడు.

పక్క చేను కుర్రవాడు తల దించుకుని వచ్చాడు.

"ఎంత పని చేశావురా! ఇంకేం దొరకలేదా నీకు?" అన్నాడు పెదనాన్న.

వాడు ఏడుస్తూనే జవాబు చెప్పాడు.

"సులువుగా దొరికేదాన్ని చూసుకోమన్నావుగా, పెదనాన్నా! ఎలక్షన్లప్పుడు మన దగ్గర లైసెన్సు లేకుండా, రసీదు లేకుండా దొరికేది అదొక్కటే."